పడిపోయిన చెయ్యి

"అది టర్కీ కోడి రెక్క కాదమ్మాయ్, మనిషి చెయ్యి!"

వెండెల్ అరుపుకి గదిలోని విద్యార్థులంతా తలలు తిప్పారు. డార్లా అతని కుడిచేతిని వదిలేసింది. అది తడిగుడ్డలా ఒళ్ళో పడింది.

టీచరు గ్రెచెన్ గడియారం ఆపింది. "భద్రతకి సున్నా. తప్పావు డార్లా. శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాను. అదీ పోతే కోర్సులోంచి వెళ్ళిపోవడమే."

వెళ్ళి చేసేదేముంది? డార్లా పదకొండేళ్ళు టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు విరిచింది. నిమిషానికి ముప్ఫై. అది మూతపడ్డాక, నలభై ఒకటో ఏట, అమెరికా అయోవా రాష్ట్రంలోని ఈ కమ్యూనిటీ కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు కోర్సులో చేరింది. పక్షవాతం వచ్చినవాళ్ళకి చొక్కా తొడుక్కోవడం, కాఫీ కలుపుకోవడం మళ్ళీ నేర్పే పని. ఊళ్ళో ఇక మిగిలిన ఉద్యోగం అదొక్కటే. పాఠాలన్నీ ఆమెకి నోటికొచ్చు. చేతులే ఫ్యాక్టరీలో ఉండిపోయాయి.

వెండెల్ ఒకప్పుడు స్కూలు బస్సుల మెకానిక్కు. ఇప్పుడు డెబ్బై ఒకటో ఏట, పరీక్షలకి పేషెంటు వేషం వేస్తాడు. జీతం లేదు. చీటీలో "కుడిచెయ్యి పడిపోయింది" అని రాసిస్తే, భోజనాల బల్ల దగ్గర కూడా ఆ చెయ్యి కదలదు. కాఫీ ఎడమచేత్తో తాగి గడ్డం మీద ఒలకబోసుకుంటాడు.

"తాత నటనకి ఏదైనా బహుమతి ఇవ్వాలే," అంది పక్కబల్ల పిల్ల.

"ముందు రుమాలు ఇవ్వు," అన్నాడు వెండెల్.

శుక్రవారం పరీక్షకి పావుగంట ముందు అతను వరండాలో డార్లాని పిలిచాడు.

"కూర్చో."

"పరీక్ష ఉంది వెండెల్ గారూ."

"అందుకే కూర్చోమంటున్నా." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది వేషం కాదు. చెయ్యి నిజంగానే పోయింది."

డార్లా నవ్వబోయి ఆగింది.

"ఇన్సూరెన్సు వాళ్ళు ఇరవై సార్లు థెరపీ చేయించి చాలన్నారు. ఇక్కడైతే పరీక్ష పేరుతో మీరంతా ఊరికే చేస్తారు కదా, అందుకని పేరిచ్చాను."

"అమ్మ దొంగా!"

"తర్వాత తిట్టుకో. నీలాంటి హడావుడి పిల్లే ఒకతె, చొక్కా తొడుగుతూ ఈ చెయ్యి పట్టి లాగింది. భుజం జారింది. మళ్ళీ కుదురుకోలేదు. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. మొన్న నువ్వూ అక్కడే లాగావు."

డార్లా అతని పక్కన కూర్చుంది. "ఇంట్లో సాయం ఎవరైనా..."

"ఎవరూ లేరు. మా ఆవిడ ఐరిస్ పోయి మూడేళ్ళు. ఎవరికీ చెప్పకు, చెబితే నన్ను రానివ్వరు. ఏడవకు కూడా. ముక్కు తుడుచుకుని లోపలికి రా."

గ్రెచెన్ గడియారం నొక్కింది. పదిహేను నిమిషాలు.

వెండెల్ ఎప్పట్లాగే ఇంటినుంచి తెచ్చిన నీలం చొక్కా మంచం మీద ఉంది. డార్లా దాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. కుడి భుజం దగ్గర కుట్టు విప్పి, వేరే గుడ్డ అతికి వెడల్పు చేశారు. బొత్తాలు మగవాళ్ళ చొక్కాలకిలా కుడివైపు కాక, ఆమె చొక్కాకి ఉన్నట్టే ఎడమవైపు ఉన్నాయి.

పడిపోయిన చెయ్యి ముందు. మోచేతి కింద ఆసరా. లాగకూడదు.

"ఇప్పుడు మీ చెయ్యి ఎత్తుతున్నాను. నొప్పి ఉంటే చెప్పండి."

"మొన్న అడగలేదే?"

"మొన్న బుద్ధి లేదు."

చొక్కా చెయ్యి మోచేతి దగ్గర చిక్కుకుంది. పద్నాలుగో నిమిషం నడుస్తోంది. ఒక్క గుంజు గుంజితే అయిపోతుంది. ఆ గుంజడంలో ఆమెకి పదకొండేళ్ళ అనుభవం. గడియారం వంక చూసింది. మళ్ళీ చెయ్యి వంక చూసింది. బట్టని వేళ్ళతో కొద్దికొద్దిగా మడుస్తూ పైకి జరిపింది.

గంట మోగింది. ఇంకా మూడు బొత్తాలు పెట్టాలి. డార్లా ఆగలేదు. కోర్సు ఎటూ పోయింది, మనిషిని సగం చొక్కాతో వదిలేయడం ఎందుకని చివరి బొత్తం దాకా పెట్టింది.

గ్రెచెన్ ఏదో రాసుకుంది. "టైముకి రెండు మార్కులు కోత. భద్రతకి పూర్తి మార్కులు. పాసయ్యావు."

వెండెల్ నీలం చొక్కా విప్పించుకుని, దాన్ని మంచం మీదే వదిలి, ఏమీ పట్టనట్టు కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక గ్రెచెన్ అడిగింది. "నాలుగు రోజుల్లో చేతులు మారిపోయాయి. ఏం చెప్పాడు?"

"ఎవరు?"

"ఇన్సూరెన్సు ఇరవై సార్లతో ఆపేసిందన్నాడా?"

డార్లా మంచం మీది దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు మరి.

"నువ్వు చెప్పక్కర్లేదు. ఏటా తప్పినవాళ్ళందరికీ అదే చెబుతాడు. ఇలా రా."

కిటికీలోంచి కార్లు నిలిపే చోటు కనిపిస్తోంది. వెండెల్ తన ట్రక్కు అద్దం మీద పేరుకున్న మంచుని గీకుతున్నాడు. కుడిచేత్తో. తలకంటే పైకెత్తి, బరబరా.

"ముసలి దొంగ!" అంది డార్లా. "నేను ఏడ్చాను మేడం! రెండు రుమాళ్ళు తడిశాయి! ఇన్సూరెన్సట, జారిన భుజమట, దుప్పటి తగిలితే ప్రాణం పోయేదట! ఎంత కట్టుకథ అల్లాడు!"

గ్రెచెన్ నీలం చొక్కాని మెల్లగా మడతపెట్టింది.

"అల్లలేదు," అంది. "ఆ భుజం వాళ్ళావిడ ఐరిస్‌ది."