ఎవరి పోలిక?

"ఆ వంకర దవడ మీ వంశానిదే వదినా! ఇంకా దబాయించకు," అంది సున్‌రే, డాక్టర్ ముందే వియ్యపురాలికి వేలు చూపిస్తూ.

"మావాళ్ళ మొహాలకేం? పీతల్లా పక్కకి పోయేవి మీ ఇంటి దవడలే!" అంది బొంగ్‌నం. బుసాన్ చేపల మార్కెట్లో ఏళ్ళ తరబడి అరిచిన గొంతు అది. గది దద్దరిల్లింది.

ఇద్దరు ముసలమ్మల మధ్య హ్యోసున్ తల దించుకుని కూర్చుంది. సున్‌రే అత్తగారు, బొంగ్‌నం కన్నతల్లి. పక్కనే పద్దెనిమిదేళ్ళ కూతురు బోరమ్.

"పోనీ ఆ స్కాన్ తీసిన మిషన్నే చెప్పమనండి డాక్టర్! కోడలి పుట్టింటి దరిద్రమే మా పిల్లకి చుట్టుకుందని తేలిపోతుంది," అంది సున్‌రే.

డాక్టర్ సోన్ కంప్యూటర్ తెరని వాళ్ళ వైపు తిప్పాడు. బోరమ్ పుర్రె బొమ్మ గుండ్రంగా తిరిగింది. ఆయన ఎముకల మీద చుక్కలు పెట్టాడు. కుడి దవడని అద్దంలో బొమ్మలా తిరగేసి ఎడమదాని మీద పరిచాడు. ఎడమది సగంలోనే ఆగిపోయినట్టు పొట్టిగా ఉంది. పక్కన కొలతలు పడ్డాయి.

"ఇది ఏ వంశం నించీ వచ్చింది కాదు. ఎడమ దవడ కీలు దగ్గర ఎముక పసితనంలో విరిగింది. అతుక్కుంది గానీ సరిగ్గా పెరగలేదు. కుడివైపు పెరుగుతూ గడ్డాన్ని ఇటు తోసేసింది. ఇంత తేడా ఉందంటే, నడక కూడా రాని వయసులో దెబ్బ తగిలుండాలి."

"ఆపరేషన్ చేస్తే సరవుతుందా?" హ్యోసున్ అడిగింది.

"అవుతుంది."

ఆ మాట ముసలమ్మల చెవికెక్కలేదు. సున్‌రే కోడలి మీదికి తిరిగింది.

"అప్పుడు మీరు జేజూ దీవిలో కాపురమున్నారు. పసిగుడ్డుని మాకెవరికీ చూపించనైనా లేదు. ఏడాదిన్నర పిల్లని తీసుకొచ్చి ఒళ్ళో పెట్టావు. ఏం చేశావే దాన్ని? నేలకేసి కొట్టావా?"

"నిజం చెప్పవే! పడేశావా?" ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చిన కన్నతల్లి కూడా జబ్బ పట్టుకుని కుదిపింది.

హ్యోసున్ కూతురి వైపు చూసింది. బోరమ్ తననే చూస్తోంది.

"నేనే... నా చేతుల్లోంచే జారిపడింది," అంది హ్యోసున్.

"రాక్షసీ! పిల్ల మొహం పాడుచేసి, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా?" సున్‌రే చెయ్యెత్తింది.

బోరమ్ చటుక్కున లేచి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. తల్లి వైపు తిరిగి మెల్లిగా అంది:

"ఎందుకమ్మా అబద్ధం? నువ్వు నన్ను అనాథాశ్రమం నించి తెచ్చుకునేనాటికే నేను నడుస్తున్నాను కదా!"