ఒక చెయ్యి లేచింది

"అందరూ కండ్లు మూసుకోన్రి," అన్నాడు పాస్టర్ రూఫస్.

ఆయన భార్య మాబెల్ కళ్లు తెరిచింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఈ పని ఎన్నడూ చేయలేదు. ప్రసంగం ముగిశాక, రక్షణ కావాలనుకునేవాళ్లను చెయ్యెత్తమని అడిగే ఘడియ అది. ఎవరి నిర్ణయం వాళ్లకూ దేవుడికీ మధ్యనే ఉండాలి. అప్పుడు కళ్లు తెరవడమంటే ఒకరి ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూడటమే. సంఘంలో ఆడవాళ్లకు ఆ మాట నేర్పింది తనే.

కానీ అబిడ్స్‌లోని ఆ మేడమీది హాల్లో మూడు రోజుల ఉజ్జీవ ప్రార్థన కూటాలకు ఇది ఆఖరి రోజు. ఇంతవరకు ఒక్క చెయ్యీ లేవలేదు. రూఫస్‌కు అన్నం సయించడం లేదు. పొద్దున ఇడ్లీ పళ్లెం పక్కకు జరిపి, "నేను చెప్పేది నాకే తగుల్తలేదు మాబెల్," అన్నాడు. ఆ మాట ఆమెను పొద్దంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"మీ నాయన బువ్వ తింటే మీ కడుపు నిండుతదా?" మైకులో ఆయన గొంతు. "రక్షణ గూడ గంతే. దేవుడు ఎవ్వరి చెయ్యి పట్టి లేపడు. బలవంతం చెయ్యడు. కావాల్నా వద్దా అన్నది మీకే ఇడిసిపెట్టిండు. కావాలనుకున్నోళ్లు చెయ్యెత్తున్రి. ఎవ్వరు చూడరు."

మొదటి బెంచీలో కూర్చున్న మాబెల్ మెల్లగా మెడ తిప్పి వెనక్కి చూసింది. వంచిన తలలు. కొంగులు కప్పుకున్న తలలు. ఆఖరి బెంచీలో కమలమ్మ కొడుకు వెంకీ ఒళ్లో ఫోన్ పెట్టుకుని దానివంకే చూస్తున్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్క చెయ్యి లేస్తే బాగుండు ప్రభువా అనుకుంది.

అంతలో మైకులో గొంతు వణికింది.

"ఒక చెయ్యి లేచింది. స్తోత్రం ప్రభువా. ఒక్కటి చాలు."

మాబెల్ మళ్లీ వరస వరసా వెతికింది. చెయ్యి లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, తల వంచుకుని ముందుకు తిరిగింది. ఆమెన్ అనేదాకా ఇక తల ఎత్తలేదు.

హాలంతా ఒకటే సందడి. ఆ చెయ్యి ఎవరిది? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

కమలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి మాబెల్ చేతులు పట్టుకుంది.

"అమ్మగారూ, మా వెంకీ గాడే గదా? వానికోసం నేనెన్ని ఉపవాసాలున్ననో దేవునికెరుక."

"అమ్మా, నేను ఎత్తలే అంటే ఇనవేందే," వెనకనుంచి వెంకీ విసుక్కున్నాడు. "స్కోర్ చూస్తున్న."

"సిగ్గుపడుతుండు. చిన్నప్పటిసంది గంతే, మూతికి చక్కెర అంటుకున్నా తినలే అంటడు." కమలమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్ గదా అమ్మగారూ. ఇగ నాకు ఫికర్ లేదు. నేను పోయినా, వాణ్ణి పరలోకంల చూస్త. చెప్పున్రి, వాడే గదా?"

లేదని చెప్పాలి. చెబితే, మీరెట్లా చూసిన్రు అంటుంది. ఆ తర్వాత, మరి అయ్యగారు గట్లెందుకు అన్నరు అంటుంది.

మాబెల్ తలూపింది. "ఔ" అని కూడా అంది.

ఇంటికి పోతూ రూఫస్ స్కూటర్ వెనక కూర్చుంది మాబెల్. ఫుట్‌పాత్ నిండా ఆదివారాలు అమ్మే పాత పుస్తకాలు, వాటి చుట్టూ జనం. మూడు తరాల పాస్టర్ల ఇంటికి కోడలిగా వచ్చింది తను. ఆ ఇంట్లో మామగారు గోడ గడియారం అయిదు నిమిషాలు ముందుంటే అబద్ధమని సరిచేసేవాడు. ఆ మామగారే రూఫస్‌కు పన్నెండేళ్లు నిండగానే రెక్క పట్టుకుని బాప్తిస్మం నీళ్లలోకి దింపాడు. అట్లాంటి చోట పెరిగిన మనిషి, దైవ వాక్యం చెప్పే నోటితో అబద్ధం ఎలా ఆడగలిగాడు?

మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆగింది.

"మీరు అబద్ధం చెప్పిన్రు," అంది ఆయన వీపుతో.

"ఏంది?"

"ఒక్క చెయ్యి లేవలే. నేను కండ్లు తెరిచిన. నాది తప్పే, ఒప్పుకుంట. కానీ కమలమ్మ తన కొడుకే అనుకుంటుంది. నేను గూడ ఔ అన్న. మీ అబద్ధం బయటపడొద్దని నేను అబద్ధమాడిన. వచ్చే వారం ఆమె ఆ ఆపరేషన్ బల్ల మీద పండుకుంటది, నా మాట నమ్ముకోని."

పచ్చ లైటు వెలిగింది. వెనక హారన్లు మోగాయి. "పెద్దమనిషీ, జర జరుగు," అని ఒక ఆటో ఆయన కేకేశాడు. రూఫస్ స్కూటర్‌ను పండ్ల దుకాణాల పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. భుజాలు కదులుతున్నాయి. సిగ్గుతో ఏడుస్తున్నాడనుకుంది మాబెల్. ఇంత కటువుగా అనకపోవాల్సింది అనిపించింది. అయినా ఆగలేకపోయింది.

"పేరు కోసమా? మూడు దినాలు పెట్టిన కూటాలు ఉత్తగ పోయినయంటే సంఘంల మన పరువు పోతదనా?"

రూఫస్ వెనక్కి తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి. కానీ ఆ ముఖంలో సిగ్గు లేదు.

"హాలంత చూసినవా?"

"అంత చూసిన. ఆఖరి బెంచీ దాక. మెట్ల కాడ నిలబడ్డోళ్లను గూడ."

"బెంచీలన్నీ ఎతికినవ్ గానీ మాబెల్, ఒక్కపారి నా దిక్కు తిరిగితే లేచిన నా చెయ్యి కనపడుతుండె," అన్నాడు రూఫస్.