రిజిస్టరులో లేని పాప

“రిజిస్టరులో పదకొండు మందే ఉన్నారు. ఈ పన్నెండో పాప ఎవరమ్మా?” అన్నాడు కంపెనీ బోర్డు నుంచి వచ్చిన పెద్దాయన.

ఆఫీసులో ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే ఆయా పాపకు అడ్డంగా నిలబడింది. రెండు కంపెనీలు కలిసిపోతున్నాయి. రెండు ఆఫీసుల్లోని పిల్లల గదుల్లో ఒకటి మూసేస్తారట. ఈయన వంక కోసమే వచ్చాడు!

“నా కూతురు సార్.” పాపను చటుక్కున చంకనేసుకుంది. “రేపట్నుంచి తీసుకురాను. పనిలోంచి తీసెయ్యకండి.”

“కంపెనీలు కలపడమే ముప్ఫై ఏళ్ళుగా నా పని,” అన్నాడాయన. “కాలేజీలో నేను పాఠం చెప్పిందీ అదే. రిపోర్టుల్లో రెండు గదులూ బంగారమేనమ్మా! అందుకే ఆయాలు తమ పిల్లల్ని ఎక్కడ ఉంచుతారో చూస్తున్నా. ఆ రెండో ఆఫీసులో ఆయా తన బిడ్డను పొరుగింట్లో వదిలొస్తోంది.”

“అయితే ఏంటి సార్?”

“ఆయా తన బిడ్డను నమ్మి ఉంచిన ఈ గదే ఉంచమంటాను.”

ఆమె ఆయన మొహంలోకి ఇంకోసారి చూసి, పాపను మెల్లిగా కిందికి దించింది.