అట్ట కొమ్ములు

“అడవిదున్న కొమ్ములు ఇంట్లో ఉంటే జైలే, సీతయ్యా. వారంలో వస్తా, తీసిపెట్టు,” అన్నాడు రేంజరు వెంకటప్పయ్య.

ములకలపల్లి అవతలి కోయగూడెం అది. చట్టం పుట్టకముందే సీతయ్య తాత ఆ కొమ్ములు నెత్తిన కట్టి ఆడాడు. తర్వాత తండ్రి, ఇప్పుడు సీతయ్య. వచ్చే నెల వేల్పు కొలుపు. కొమ్ములు లేకుంటే ఆట లేదు, ఆట లేకుంటే కొలుపే లేదు.

రేంజరుకు సీతయ్య కొత్తవాడేం కాదు. ఆయన ఇంటి గోడమీది కొయ్య జింకతల సీతయ్య చెక్కిందే. చూసినవాళ్ళు అచ్చం జింకేననేవారు. కూలి కింద ‘శభాష్’ ముట్టింది.

ఆ వారం సీతయ్య పోడుకు పోలేదు, కల్లుకూ పోలేదు.

చెప్పినట్టే జీపు వచ్చింది. “లేవు దొరా,” అన్నాడు సీతయ్య. రేంజరు నవ్వి అటక వెతికించాడు. గోనెసంచిలో దొరికాయి. సీతయ్య కాళ్ళ మీద పడ్డాడు.

“మా తాతవి దొరా. గవి పోతే వేల్పు ముంగట ఏం మొకం పెట్టుకొని ఆడాలె?”

“నా దగ్గరా దాపరికం? ఇరవై ఏళ్ళ సర్వీసు నాది.”

రేంజరు కొమ్ముల్ని వేలితో తట్టాడు. వాసన చూశాడు. ‘నూటయాభై ఏళ్ళ నాటివి’ అని పంచనామాలో రాయించాడు. ఎంత పండితుడో!

పది రోజులకు ఖమ్మంలో జానపద కళల పోటీలు. చెక్‌పోస్టు దగ్గర అదే రేంజరు సీతయ్య దళం లారీ ఆపాడు. సీతయ్య ఒళ్ళో ఎర్రవీ పచ్చవీ కాగితాలు అంటించిన కొమ్ములు.

“ఏందిరా ఇవి, అట్టలా?”

“ఏం జేస్తం దొరా. అసలువి మీరు తీస్కపోతిరి.”

రేంజరు పగలబడి నవ్వి వాటిని తన నెత్తినే పెట్టుకున్నాడు. గార్డులు చప్పట్లు కొట్టారు.

“బరువుందేంరా?”

“మైదా జిగురు దొరా. ఇంకా ఆరలే.”

“అట్టలకు చట్టం లేదు. పో.”

పోటీల జడ్జి రామ్‌చందర్ అడవి కళల మీద మూడు పుస్తకాలు రాశాడు. అడవిని మాత్రం బస్సు కిటికీలోంచి చూశాడు. సీతయ్య ఆట చూసి మొహం చిట్లించాడు.

“అట్టలతో సంప్రదాయం బతుకుతుందటయ్యా? ఆ అటవీశాఖ స్టాల్లో రేంజరు గారు పట్టుకున్న అసలైన కొమ్ములున్నాయి. చూసి నేర్చుకో.”

“అవ్ దొరా,” అన్నాడు సీతయ్య. వెళ్ళి గాజుపెట్టెకు చేతులెత్తి మొక్కాడు కూడా.

రేంజరుకు శాలువా కప్పారు. దళానికి ఓదార్పు బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు.

కొలుపు నాడు పొద్దున్నే సీతయ్య కిన్నెరసాని నీళ్ళలో ఆ రంగు కాగితాలు నానబెట్టి ఒలిచేస్తే, లోపల తాత కొమ్ములు ఎప్పటిలాగే నల్లగా మెరిశాయి.