నత్తి లేని గొంతు

"సువార్తా, అన్నం తిన్నవా?" అని ఫోన్లో మట్టయ్య గొంతు అడిగింది.

కోదాడలో హమాలీ పనిచేసిన మట్టయ్య చనిపోయి ఆర్నెల్లయింది. కూతురు కరుణ అతని పాత వాయిస్ మెసేజ్‌లన్నీ ఏఐకి ఇచ్చి ఆ గొంతును తయారు చేసింది.

"బంద్ చెయ్యి బిడ్డా" అంది సువార్తమ్మ.

"ఎందుకమ్మా? నాన్న నత్తి గూడ తీసేసిన. ఎంత మంచిగ మాట్లాడుతుండో సూడు."

"గదే నా భయం. మీ నాయన నా పేరు పలకనీకె మూడుసార్లు తడబడేటోడు. ఇప్పుడు కండ్లు మూసుకుంటే గీ మిషనే మాట్లాడుతున్నది. మనిషి ఎట్లాగూ పోయిండు. యాదిల ఉన్నోన్ని గూడ పోగొట్టుకోమంటవా?"

కరుణ ఫోన్లోంచి ఆ గొంతును తీసేసింది. నాన్న తననెట్లా పిలిచేవాడో గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకుంది.

ఎక్కడా తడబడకుండా "కరుణా" అని వినిపించింది.