ముందు వరుస సీటు

బ్యాంకాక్‌లో విమానం ఎక్కే వరుసలో అందరికంటే ముందు నిలబడింది రంజన్‌బెన్.

అయినా విమానం తాలూకు అమ్మాయి ఆమెను దాటుకుని, వెనకెక్కడో కూర్చున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళింది. నేల మీద మోకాళ్ళాన్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి, ముందుగా లోపలికి తీసుకెళ్ళింది.

"గంట నుంచీ నిలబడ్డ మనం మనుషులం కామా?" అంది రంజన్‌బెన్ భర్తతో.

"ఎవరో పెద్దింటావిడ అయ్యుంటుందిలే," అన్నాడు వినుభాయి.

ఆ పెద్దింటావిడ కూడా గుజరాతీయే. యాభై దాటి ఉంటాయి. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతిలో ఒక్క గుడ్డసంచి. వెంట ఎవరూ లేరు.

రంజన్‌బెన్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి?

పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకి ఫుకెట్ చూపిస్తానని తీసుకొచ్చాడు మొగుడు. చూసిందేమిటి? హోటలు గదిలో కరెంటు కెటిల్. లేస్తే ఆయనకి టీ, అత్తగారికి వేణ్ణీళ్ళు, ఆవిడ మోకాళ్ళకి తైలం. జామ్‌నగర్ నుంచి మోసుకొచ్చిన మెంతికూర థేప్లా రొట్టెలు మూడు పూటలా వడ్డన. నువ్వు తిన్నావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

లోపలికి వెళ్ళాక ఇంకో గొడవ. అత్తగారికి ఇరవయ్యో వరుసలో సీటిచ్చారు. ఇంట్లో అందరూ బా అని పిలిచే ఆ ముసలావిడకి మోకాళ్ళు వంగవు. గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నెత్తురు గడ్డకడుతుందని డాక్టరు మరీమరీ చెప్పాడు. పొద్దున ఫుకెట్ నుంచి వచ్చిన కాసేపటికే పాదాలు పొంగాయి. ఇంకా నాలుగున్నర గంటల ప్రయాణం ఉంది.

"కాళ్ళు చాపుకునే సీటు ఒక్కటైనా లేదా తల్లీ?" రంజన్‌బెన్ ప్రాధేయపడింది.

అన్నీ నిండిపోయాయంది ఆ అమ్మాయి.

ముందు వరుసలో, కాళ్ళ దగ్గర బోలెడంత చోటున్న సీటులో కూర్చున్న బొట్టావిడ ఆ మాట విని లేచింది.

"బా, మీరిక్కడ కూర్చోండి. నేను వెనక్కి వెళ్తాను."

బా ఆవిడ బుగ్గలు నిమిరింది. "ఎంత మంచిదానివమ్మా. ఇలాంటి పిల్ల ఇంట్లో ఉండాలంటే పెట్టి పుట్టాలి."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కాళ్ళు పిసుకుతున్న కోడలు పక్కనే నిలబడి వింది.

అలా ఆ మనిషి వచ్చి రంజన్‌బెన్ పక్కనే కూర్చుంది. అవతల కిటికీ దగ్గర వినుభాయి. ఇంట్లో ఏనాడూ మంచినీళ్ళు ముంచుకుని తాగి ఎరగని ఆ మహానుభావుడు పెళ్ళాం మీదుగా సీసా చాపాడు.

"నీళ్ళు తాగుతారా బెన్? నీరసంగా ఉన్నారు."

ఆవిడ వద్దని తలూపింది.

రంజన్‌బెన్ మర్యాద కోసం డబ్బా మూత తీసింది.

"ఇంట్లో చేసిన థేప్లాలు. ఒక్కటి తీసుకోండి."

"వద్దు బెన్. ఇంటికి చేరేదాకా ఏమీ ముట్టను."

ఓహో, మర్జాదీ అన్నమాట అనుకుంది రంజన్‌బెన్. కృష్ణసేవ పట్టి, పరాయి చేతి నీళ్ళు కూడా తాగని మడి మనుషులు వాళ్ళ వీధిలోనూ ఇద్దరున్నారు. వాళ్ళు గడప దాటరు. ఈవిడ మాత్రం దేశాలు తిరుగుతూ మడి కట్టుకుందట.

ఇక నోరు ఊరుకోలేదు.

"మీకేం బెన్, అదృష్టవంతులు. మొగుడికి వండి వార్చే పని లేదు, వెనకాల లంపటం లేదు. ఒక్కరే హాయిగా తిరిగొస్తున్నారు. మా బతుక్కి సముద్రం దాటినా చాకిరీ తప్పలేదు."

నిద్రలో పక్కకి వాలిపోతున్న వినుభాయిని చూసింది ఆవిడ.

"ఆయన మెడ పట్టేస్తుంది. కాస్త మీ భుజం ఆనించండి బెన్."

నా మొగుణ్ని ఎలా చూసుకోవాలో కూడా ఈవిడే నేర్పాలి కాబోలు అనుకుని, రంజన్‌బెన్ కావాలనే కదలకుండా కూర్చుంది.

అహ్మదాబాద్‌లో దిగేటప్పుడూ అదే వరస. ఇద్దరు ఆఫీసర్లు లోపలికొచ్చి, ఎవర్నీ లేవనివ్వకుండా ముందు ఆవిడనే తీసుకెళ్ళారు.

సామాన్లు దొరికేసరికి గంట పట్టింది. జామ్‌నగర్ తీసుకెళ్ళాల్సిన వ్యాను ఇంకా రాలేదు. సాయంకాలపు ఎండలో, సరుకుల గేటు వైపు, ఆ బొట్టావిడ చుట్టూ పదిమంది కనిపించారు.

"చూశారా, ఆవిణ్ని తీసుకెళ్ళడానికి ఊరంతా కదిలొచ్చింది. మనకి డ్రైవరుకి కూడా దిక్కులేదు," అంది రంజన్‌బెన్.

"నోరు మూసుకుని వెళ్ళి ఒక మంచి మాట చెప్పిరా," అంది బా. "ఇవాళ నేను నా కాళ్ళ మీద నిలబడ్డానంటే ఆ తల్లి పుణ్యమే."

రంజన్‌బెన్ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది.

దగ్గరికెళ్ళాక కనిపించింది. అందరివీ తెల్లబట్టలే. ఆవిడ ఎవరో ముసలమ్మ భుజం మీద తల పెట్టుకుని ఉంది. పక్కన వెనక తలుపులు తెరిచిన బండి, అందులోకి నలుగురు ఎక్కిస్తున్న పొడవాటి చెక్కపెట్టె.

జుట్టు నెరిసిన ఒకాయన చేతులు జోడించి ఎదురొచ్చాడు. "మా చెల్లెలికి తెలిసినవాళ్ళా?"

"పక్క సీట్లో... కూర్చుని వచ్చాను."

"పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకి మొదటిసారి మొగుడూ పెళ్ళాలిద్దరూ సముద్రం చూద్దామని ఫుకెట్ వెళ్ళారు బెన్, అక్కడే మా బావగారి గుండె ఆగిపోయింది, నిన్న ఆస్పత్రి వాళ్ళు ఈ పెట్టె అప్పగించినప్పటి నుంచీ, ఆయన్ని ఇంటికి చేర్చేదాకా ముట్టనని, పచ్చి గంగ కూడా పుచ్చుకోలేదు మా చెల్లెలు."