రోగి పేరు

లస్మవ్వ నన్ను లోపలికి లాగి గొళ్లెం పెట్టింది. తిట్టిపోస్తుందేమో అనుకున్నాను.

తప్పు నాదే. మా అబ్బాయికి సికిల్‌సెల్ రక్తవ్యాధి. దాన్ని నయం చేసే మూలకణ పరిశోధనకు ప్రభుత్వం మరింత డబ్బివ్వాలని అర్జీ రాసి, మందమర్రిలో మా వాడకట్టంతా సంతకాలకు తిరుగుతున్నాను. గీతలు కొట్టి, "ఇంట్లో రోగి పేరు" అని ఒక గడి కూడా పెట్టాను. సంతకం పెడితే తమ ఇంట్లోనూ రోగముందనుకుంటారని అందరూ తలుపులేసుకున్నారు.

"గా గడి ఇడిచిపెట్టు చిన్నమ్మా, ఉత్త సంతకం చాలు," అన్నాను.

లస్మవ్వ ఆ గడిలోనే మనుమరాలి పేరు రాసింది. భవ్యశ్రీ.

"బడిల రక్తం పరీక్ష జేసి నాకే చెప్పిండ్రు. కోడలికి చెప్పనీకి ధైర్యం సాల్తలే. గా వైద్యం అచ్చేదాక పిల్ల ఉంటదా, బిడ్డా?"